జిల్లా దగ్గరకొచ్చింది, లెక్క పాతదే

2019 ఫిబ్రవరిలో ములుగును జిల్లా చేశారు. కలెక్టరాఫీసు దగ్గరయింది, కాదనం. వాజేడు, వెంకటాపురం కూలీలకు మాత్రం గోదావరి దాటడం తప్పలేదు.

అంతకన్నా పెద్ద మార్పు 2018 చట్టం. 500 జనాభా దాటిన తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. ఏళ్ల తరబడి మనం అడిగిందే అది. అయితే పంచాయతీ ఇచ్చారుగాని గల్లాపెట్టె ఇవ్వలేదు. రేకుల ఇళ్ల గూడెంలో ఇంటిపన్ను ఏపాటి వస్తుంది? అంగడి వేలం లేదాయె! ఆర్థిక సంఘం నిధులే దిక్కు. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు తీరితే 2025 డిసెంబరు దాకా ఎన్నికలే పెట్టలేదు. పాలకవర్గాలు లేవని ఢిల్లీ ఆ నిధులూ ఆపింది. చీపురు పట్టిన కార్మికుడి జీతానికీ వెతుకులాటే.

ఆ నిధుల పంపకానికి ఆధారం 2011 జనాభా. ఆ తర్వాత పుట్టిన పిల్ల బడికి పోతోంది, సర్కారు లెక్కలో ఇంకా పుట్టలేదు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో ఉంటున్న గుత్తికోయల సంగతి మరీ అన్యాయం. మిరపతోటల్లో వాళ్ల చేతులు కావాలి, గిరిజనులుగా గుర్తింపు మాత్రం ఇవ్వరు.

2021లో తప్పిన జనగణనలో తలల లెక్కను 2027 ఫిబ్రవరికి పెట్టారు. అది మిరప ఏరే కాలం. గూడేలు సగం ఖాళీ. ఇంటికి తాళం ఉంటే ఆ కుటుంబం ఏ ఊరి లెక్కలో పడుతుంది? వలసపోయిన చోట రాసుకోకపోతే ఎక్కడా పడదు. కనుక కూలన్నలారా, ముఠా మేస్త్రీల దగ్గర ఇప్పుడే జాబితాలు రాయించండి. తోటల దగ్గరికే గణకులను పంపాలని మండలాఫీసులో అర్జీలివ్వండి.