పాపారాయుడి ముఖం

కళాశాలలో ఏ కమిటీ వేసినా అందులో నా పేరుంటుంది. తెలుగు మాస్టారికి వేరే పనేముంటుందని మా వాళ్ళ నమ్మకం. ఈ ఏడు వార్షికోత్సవానికి మెట్ల పక్క గోడకు చరిత్రలో పేరుమోసిన సేనానుల పటాలు పన్నెండు తగిలించాలన్నారు. పటాలు సేకరించవలసింది నేను. కింద రెండేసి పంక్తులు వ్రాయవలసిందీ నేనే.

పదకొండు సులువుగానే దొరికాయి. పన్నెండోది తాండ్ర పాపారాయుడిది. దాన్ని వెతకనక్కరలేకపోయింది, పదిహేనేళ్ళుగా నా బీరువాలోనే ఉంది. కోరమీసం, ఎర్రని తలపాగా, పిడిబాకు. బొబ్బిలి కథ పాఠం చెప్పే రోజున దాన్ని తరగతికి పట్టుకుపోవడం నా అలవాటు. నిరుడు ముందు వరసలోని ఒక అమ్మాయి లేచి, "సార్, నిజంగా ఇలాగే ఉండేవాడా?" అని అడిగింది. "సందేహమా!" అన్నాను. పిల్ల కూర్చుంది. పాఠం సాగిపోయింది.

పన్నెండూ చంకన పెట్టుకుని ఛత్తా బజారుకు వెళ్ళాను. పాతబస్తీ ఎరిగినవారికి ఆ వీధి చెప్పనక్కరలేదు. పెళ్ళిపత్రికల అచ్చుకూటాలకు పెట్టింది పేరు. ఉర్దూ పత్రిక, తెలుగు పత్రిక పక్కపక్కనే ఆరుతూ ఉంటాయి. అక్కడ ఒక ముసలాయన పటాలకు చట్రాలు కడతాడు. సగం తెలుగు, సగం ఉర్దూ ఆయన భాష. ఒక్కొక్క బొమ్మే కొలుస్తూ పాపారాయుడి దగ్గర ఆగాడు. కళ్ళజోడు పైకెత్తి చూశాడు.

"ప్రొఫెసర్ సాబ్, ఈయన కృష్ణంరాజు కదా? సినిమాలో చూశాను."

నేను నవ్వబోయాను గాని నవ్వు రాలేదు. ఆయన అన్నది అక్షరాలా నిజం. 1986లో వచ్చిన 'తాండ్ర పాపారాయుడు' సినిమా నేను టూరింగు టాకీసులో, అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని చూశాను. అంతకు ముందు తరంవారికి పాపారాయుడంటే 1964 నాటి 'బొబ్బిలి యుద్ధం'లోని ఎస్.వి. రంగారావు. ఎవరి కాలపు ముఖం వారిది. నా బొమ్మ గీసిన చిత్రకారుడు కూడా నాలాగే ఏ నేల టిక్కెట్టు మీదనో కూర్చుని చూసి ఉంటాడు. ముసలాయనకు ఒక్క చూపులో తెలిసింది ఎం.ఏ. చదివిన నాకు పదిహేనేళ్ళపాటు తట్టలేదు!

చట్రాలకు రెండు గంటలు పడుతుందన్నాడు. అక్కడికి దగ్గరలోనే ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంకు నడిచాను. దక్కనీ సూక్ష్మచిత్రాల ముందు నిలబడితే ఆ పూట వేరే సంగతులు కనిపించాయి. ఇంతవరకూ నేను ఏ బొమ్మ ముందు నిలబడినా 'ఇది ఎవరు?' అనే అడిగాను. 'ఎవరు గీశారు, ఎప్పుడు, ఎవరి డబ్బుతో?' అని అడగలేదు.

శివాజీ సంగతే చూడండి. 1677లో ఆయన గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానాషాను కలుసుకోవడానికి హైదరాబాదు వచ్చాడు. మంత్రి మాదన్న దగ్గరుండి మర్యాదలు చేశాడు. ఆ తరువాత పదేళ్ళలోపుగా ఇక్కడి పనివాళ్ళు రాజుల, సేనానుల బొమ్మలు వరసలు వరసలుగా గీసి తెల్లవారికి అమ్మారు. మూలచిత్రం అంచుల వెంట సూదితో బెజ్జాలు పొడిచి, బొగ్గుపొడి అద్ది, అదే రూపాన్ని మళ్ళీమళ్ళీ దింపడం ఆ కాలపు చిత్రకారులకు తెలిసిన విద్య. అలాంటి కట్ట ఒకటి ఆమ్‌స్టర్‌డామ్ నగరాధ్యక్షుడు విట్సెన్ చేతికి చేరింది. ఇప్పుడు అక్కడి రైక్స్ మ్యూజియంలో ఉంది. అందులో శివాజీ కూడా ఉన్నాడు. గోలకొండ పద్ధతిలోనే గీసిన ఆయన చిత్రం ఇంకొకటి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మరాఠా వీరుడి ముఖం మనకు మిగలడంలో మన గోలకొండ కుంచెకు ఇంత పాలుంది. ఆ కుంచెకు అన్నం పెట్టిన గోలకొండ మాత్రం 1687లో, ఎనిమిది నెలల ముట్టడి తరువాత, ఔరంగజేబు వశమైపోయింది.

ఇక యుద్ధచిత్రాల మాట. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట కూలి టిప్పు మరణించాడు. ఇంగ్లీషువారి పక్షాన నిజాం సైన్యం కూడా ఉంది. దాని పెద్ద మీర్ ఆలం. అక్కడ దక్కిన సొమ్ముతోనే మన మీరాలం చెరువు కట్టించాడని చెప్పుకుంటారు. మరుసటి సంవత్సరమే లండన్‌లో రాబర్ట్ కెర్ పోర్టర్ అనే కుర్రవాడు ఆ ముట్టడిని 120 అడుగుల పొడవు బట్ట మీద ఆరు వారాల్లో చిత్రించాడు. జనం విరగబడి చూశారు. అతను అప్పటికి మన దేశం ముఖమైనా చూడలేదు! ఆ బట్ట తరువాత కాలిపోయింది. దాన్ని చూసి చెక్కిన అచ్చుబొమ్మలు మాత్రం మిగిలాయి. శ్రీరంగపట్నంలోనే దరియా దౌలత్ గోడమీద వేరే యుద్ధం ఉంది. 1780లో పొల్లిలూరు దగ్గర ఇంగ్లీషు దళాన్ని చిత్తుచేసిన సంగతిని టిప్పు తన గోడమీద వేయించుకున్నాడు. గెలిచినవాడు గోడ వెతుక్కుంటాడు. ఓడినవాడికి గోడే మిగలదు.

బొబ్బిలికి మిగలలేదు. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులకు కోట కూలింది. ఆడవాళ్ళూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకుండా తమవాళ్ళ చేతులమీదుగానే పోయారు. మూడోనాటి రాత్రి విజయరామరాజు తన డేరాలోనే హతుడయ్యాడు. ఆ పని చేసినవాడు పాపారాయుడని మన కథకులు ఊరూరా పాడారు. అతన్ని ఎదుట కూర్చోబెట్టుకుని బొమ్మ గీసినవాడెవడూ లేడు. అతనికి మిగిలిన పటం పాట ఒక్కటే. మా అమ్మమ్మది బొబ్బిలి దగ్గర పల్లె. కథ చెప్పేటప్పుడు ఆవిడ అతని మీసం గురించి ఒక్కమాట అనేది కాదు. డేరా గుడ్డ చిరిగిన చప్పుడు మాత్రం నోటితో చేసేది. నాకు ఒళ్ళు జలదరించేది.

తిరిగి వెళ్ళి చట్రాలు తీసుకున్నాను. పాపారాయుణ్ణి తీసెయ్యాలనిపించలేదు. ఆ రాత్రి కూర్చుని పన్నెండింటికీ చీటీలు కొత్తగా వ్రాశాను. వీరుడి పేరు కింద, బొమ్మ ఎప్పటిదో, ఎవరు ఎవరి కోసం వేసినదో. లెక్క తేలేసరికి, వీరుడు బతికుండగా గీసినవి మూడంటే మూడు. పాపారాయుడి కింద ఇలా వ్రాశాను: 'ఊహాచిత్రం. ఇటీవలి సినిమా వేషాన్ని అనుసరించి వేసినది. 1757 నాటి మనిషిని చూసి గీసినది కాదు.'

మా పెద్దవారు చదివి, "ఆ మాటొకటి తీసేస్తే బావుంటుందేమోనండీ. వీరుణ్ణి చిన్నబుచ్చినట్టు లేదూ?" అన్నారు.

"బొమ్మ గురించి నిజం చెబితే మనిషి చిన్నబోడు లెండి," అన్నాను. ఆయన ఏమనుకున్నారో గాని, చీటీ ఉండిపోయింది.

వార్షికోత్సవం నాడు ఆ అమ్మాయి మెట్లమీద నిలబడి ఆ చీటీ రెండుసార్లు చదివింది. నన్ను చూసి, "మరి నిరుడు సందేహమా అన్నారు కదా సార్?" అంది. చుట్టూ పదిమంది పిల్లలున్నారు.

"తప్పు చెప్పానమ్మా," అన్నాను.

పిల్ల కాసేపు ఆలోచించింది. "అయితే మిగిలిన పదకొండు కూడా మళ్ళీ చదవాలి సార్," అంటూ పై మెట్టెక్కింది.