పేరులేని పనివాడు

మొన్న ఒక తండ్రి నా గదిలోకి వచ్చి, ఫోను నా ముందు పెట్టి, "మావాడికి ఇక చదువు వద్దండీ. ఇరవై రెండు రోజులు ఎగ్గొట్టాడు. ఇంటికి తీసుకుపోతాను" అన్నాడు. గుమ్మం అవతల కుర్రవాడు తలవంచుకు నిలబడ్డాడు.

చూస్తే నిజమే, ఇరవై రెండు సందేశాలు! హాజరుపట్టీ తీశాను. వాడు రానిది ఒక్క రోజే. అదీ జ్వరం వచ్చి.

తప్పు మా మేనల్లుడిది. ఆ రోజు రాని 22 మంది ఇళ్ళకూ కబురు పంపే ప్రోగ్రాము వాడే రాశాడు. అన్ని కబుర్లూ జాబితాలో చివరివాడి ఇంటికే చేరాయి.

"ఏమిట్రా ఇది?" అంటే, "క్లోజరు, మావయ్యా" అన్నాడు.

ప్రోగ్రాములో ఒక పనిని ఫంక్షన్ అంటారు. మామూలుగా దానికో పేరుంటుంది. ఒక్కసారి వాడి వదిలేసేదానికి బారసాల ఎందుకని పేరు లేకుండానే రాసేస్తారు. అది అనామక ఫంక్షన్. అది తాను పుట్టినచోటి చరరాశిని వెంటబెట్టుకుపోతే క్లోజరు. ఆ మాట 1964లో పీటర్ లాండిన్ వాడినది.

చిక్కల్లా ఇక్కడే: వెంట తీసుకుపోయేది విలువనా, విలువ ఉన్న చోటునా?

నేను నల్లబల్లమీద ఒక పేరు రాసి, "ఈ బల్లమీద ఉన్నవారింటికి వెళ్ళు" అని ఒకడికి చెప్పాననుకోండి. అది చెరిపి ఇంకో పేరు రాసి రెండోవాడికీ అదే చెప్పాను. ఇరవై రెండుగురికీ చెప్పాక, "ఇక బయలుదేరండి" అన్నాను. అందరూ బల్లవంక చూస్తారు. మిగిలింది చివరి పేరే గదా! మావాడు రాసిన గో భాషలో లూపు చరరాశి అలాంటి ఒకే ఒక్క బల్ల. తెలిసినవాళ్ళు లూపులోపల దానికి కొత్త నకలు తీసి ఇచ్చేవారు. అంటే ఎవరి చీటీ వారికన్నమాట.

2009లో గూగుల్ బయటపెట్టిన ఆ భాషను 2024 ఫిబ్రవరిలో, 1.22 వెర్షనులో సవరించారు. ఇప్పుడు ప్రతి చుట్టుకూ కొత్త చరరాశి. అయితే గో.మాడ్ ఫైలులో పాత వెర్షను అంకె ఉంటే, కంపైలరు పాత అర్థమే తీసుకుంటుంది. మావాడు ఆ అంకె మార్చలేదు.

బల్ల కథే ఆ తండ్రికి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, కొడుకును క్లాసుకు పొమ్మని సైగ చేసి, నావైపు తిరిగాడు.

"అయితే మేష్టారూ, మిగతా ఇరవై ఒక్క మంది తండ్రులకూ అసలు సంగతే తెలియదన్నమాట!"

అంతవరకు నాకా ఊహే రాలేదు. హాజరుపట్టీ ముందు పెట్టుకుని ఫోను అందుకున్నాను.