శరత్‌బాబు ఇంట్లో ఒక పూట

విశాఖపట్నం మీదుగా హౌరా వెళ్లే మెయిళ్లు, ఇంకొక గంటలో ఊరు చేరతాయనగా రూపనారాయణ నదిని దాటుతాయి. వంతెనకు ఇవతల కోలాఘాట్, అవతల దేవుల్టి. మన బళ్లు దేవుల్టిలో ఆగవు. అందుచేత ఏళ్ల తరబడి కలకత్తా వెళ్లివచ్చే తెలుగువాళ్లు కూడా, తమ ఇంటిల్లిపాదినీ ఏడిపించిన మహానుభావుడి ఊరు దాటిపోతున్నామని ఎరక్కుండానే సామాన్లు సర్దుకుంటూ ఉంటారు.

శరత్‌బాబు బెంగాలీవాడని తెలిసి తెల్లబోయినవారిని నేనెరుగుదును. అందులో వారి తప్పేమీ లేదు. చక్రపాణిగారి వంటివారు ఆయన్ను అంత కమ్మని తెలుగులోకి దింపారు. 1953లో 'దేవదాసు', 1957లో 'తోడికోడళ్లు', 1961లో 'బాటసారి', 'వాగ్దానం' మన తెరమీదికి వచ్చాయి. ఇన్నిసార్లు మన ఇళ్లల్లోకి వచ్చినవాడి ఇంటికి మనం ఒక్కసారైనా వెళ్లకపోతే మర్యాదగా ఉంటుందా?

ఈ మాట నాది కాదు, మా అత్తగారిది. ఆవిడకు ఎనభై దాటాయి. ముప్ఫై నిండకుండానే భర్త పోతే, పిల్లల్ని పెంచుకుంటూ, గ్రంథాలయం నుంచి తెప్పించుకున్న శరత్ పుస్తకాలతో మధ్యాహ్నాలు గడిపిన మనిషి. ఆవిడ నాతో నేరుగా మాట్లాడరు. "అల్లుడుగారిని అడగవే, ఆ ఊరు చూపిస్తారేమో" అని కూతురితో అన్నారు. అది అడగటం కాదని అల్లుళ్లందరికీ తెలుసు.

హౌరాలో లోకల్ బండి ఎక్కి, దేవుల్టిలో దిగి, బ్యాటరీ రిక్షా మాట్లాడుకుంటే మూడు కిలోమీటర్ల దూరంలో సామ్తాబేడ. చెరువులు, వెదురు పొదలు, పచ్చటి చేలు. మన కోనసీమ పిల్లను తెచ్చి అక్కడ వదిలితే దారి తప్పినట్టు అనుకోదు.

ఇల్లు బర్మా పద్ధతిలో కట్టిన మేడ. ఎర్ర పెంకులు, చుట్టూ వరండాలు. 1876లో హుగ్లీ జిల్లా దేవానందపూరులో పుట్టిన శరత్‌బాబుకు యాభయ్యో ఏడు వచ్చేదాకా తనదంటూ ఇల్లు లేదు. బాల్యం చాలా వరకు భాగల్పూరులో మాతామహుల ఇంట గడిచింది. 1903లో రంగూను వెళ్లి గుమాస్తాగా బతికాడు. అక్కడ భార్య శాంతీదేవి, పసివాడు ఇద్దరూ ప్లేగుకు పోయారు. 1912లో ఉన్న కొంపకు నిప్పంటుకొని పుస్తకాలు, బొమ్మలు, 'చరిత్రహీన్' రాతప్రతి బూడిదయ్యాయి. ఆ నవలను మళ్లీ మొదటినుంచీ రాశాడు. 1916లో తిరిగివచ్చి హౌరా దగ్గర శివపూరులో పదేళ్లున్నాడు. ఉద్యోగం వదిలి కలాన్నే నమ్ముకొన్నవాడు గనుక, ఈ ఇల్లు ఒక విధంగా పాఠకులు కట్టించిందే.

ఇక్కడే ఎందుకు కట్టుకున్నాడంటే, అక్కగారు అనిలాదేవి అత్తవారి ఊరు పక్కనే. స్త్రీల విలువను గురించి ఆయన రాసిన వ్యాసాలు మొదట అచ్చయింది కూడా ఈ అక్కగారి పేరుతోనే. 1926 నుంచి చివరి 12 ఏళ్లూ ఎక్కువగా ఇక్కడే గడిపాడు. 1978 వరదల తరువాత జిల్లా పరిషత్తు ఈ ఇంటిని బాగు చేయించింది. 2009లో మళ్లీ మరమ్మతులు జరిగాయి.

రాసుకున్న బల్ల, కుర్చీ, మంచం, హుక్కా, గోడ గడియారం చూశాం. దేశబంధు చిత్తరంజన్ దాస్ ఇచ్చిన రాధాకృష్ణుల విగ్రహానికి దణ్ణం పెట్టుకున్నాం. బల్లముందు కూర్చుంటే అప్పట్లో నది కనిపించేదట. ఇప్పుడు రూపనారాయణ ఎడంగా జరిగిపోయింది. ఇంటినైతే బాగు చేయించారు, నదికి ఎవరు చెప్పగలరు?

మాకు అన్నీ చూపిస్తున్న పెద్దమనిషి చెరువు దగ్గరికి తీసుకువెళ్లి, 'రామేర్ సుమతి'లో రాముడు పెంచుకున్న కార్తీక్, గణేశ్ అనే చేపలు ఇందులోవేనన్నాడు. ఆ కథ 1914 నాటికే పుస్తకంగా వచ్చింది, ఈ ఇల్లు తరువాతెప్పటిదో. అయినా అత్తగారు వంగి నీళ్లలోకి అంత ఆశగా చూస్తూంటే నేను లెక్కలు చెప్పలేదు.

లేచి, "ఆవిడ ఎక్కడ కూర్చునేదో అడగవే" అన్నారు.

ఆవిడంటే హిరణ్మయీదేవి. మేము చూసిన గదుల్లో ఇది ఆవిడదని ఎవరూ ఏదీ చూపలేదు. రంగూనులో 1910 ప్రాంతాన శరత్‌బాబు చేసుకున్న రెండో భార్య. అసలు పేరు మోక్షద. పేరు మార్చి, చదవటం రాయటం ఆయనే నేర్పాడు. పిల్లలు లేరు. 1938 జనవరి 16న ఆయన కలకత్తాలో కన్నుమూశాక ఇరవై ఏళ్లకు పైగా బతికింది. ఆవరణలోనే ఆయన సమాధి, తమ్ముడు స్వామి వేదానందుడిది, ఆవిడదీ ఉన్నాయి.

మా అత్తగారికి శరత్‌బాబు మీద భక్తి ఎంతో, ఫిర్యాదు అంత. వితంతువుల మనసు అంత తెలిసినవాడు ఒక్కదానికైనా మళ్లీ పెళ్లి చేశాడా అని. 'బడదీదీ'లో మాధవి ఒళ్లో సురేంద్రుణ్ణి చంపేశాడు. 'పల్లీసమాజ్'లో రమను కాశీకి పంపించాడు. 'చరిత్రహీన్'లో సావిత్రి చేత, ప్రేమించినవాణ్ణి ఇంకొకతెకు అప్పగింపించాడు. "కన్నీళ్లు మాకు, పేరు ఆయనకు" అంటారావిడ.

సమాధి దగ్గర నిలబడి ఉండగా, హిరణ్మయి కూడా బాలవితంతువేనని కొందరు జీవితచరిత్రకారులు రాశారని చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ఈసారి కూతురి మధ్యవర్తిత్వం లేకుండా నన్నే అడిగారు:

"ఇంట్లో చేసినవాడికి పుస్తకంలో చేయటానికేం అడ్డమొచ్చింది, బాబూ?"

నాకు తోచింది చెప్పాను. రమకు రమేశుడితో పెళ్లి చేసి ఉంటే, ఆ పుస్తకాన్ని ఆనాటి ఇళ్లల్లో మగవాళ్లు వీధి గుమ్మం దాటనిచ్చేవారు కారు. వంటింటిదాకా రావాలంటే ఆ మాత్రం సర్దుకోవలసి వచ్చింది. చివరికి 1931లో, 'శేషప్రశ్న'లో కమల చేత అన్నీ అనిపించాడు. దానికి తిట్లూ తిన్నాడు. నా మటుకు నేను ఇది పిరికితనం అనలేను, లౌక్యం అంటాను.

"లౌక్యమే," అన్నారు అత్తగారు, ఒప్పుకున్నట్టు కాదు. ఆయన నాటిన జామచెట్టు వైపు ఒకసారి చూసి, చేతిసంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీసి నాకిచ్చారు. "ఆ తల్లి పేరు రాసిపెట్టు. మన అక్షరాల్లో."

హిరణ్మయి అని రాశాను.

"అది కాదు. ముందున్న పేరు."

మోక్షద అని రాశాను. కళ్లజోడు సర్దుకొని కూడబలుక్కుని చదువుకున్నారు.

"ఇంత చక్కని పేరు," అన్నారు కూతురితో, "ఎందుకు మార్చాడో అడగవే."