పునర్ముద్రణా? పునర్లేఖనమా?

పిల్లల పుస్తకమే కదా అన్న చులకన భావం ప్రచురణకర్తలకు అపరిమితమైన స్వేచ్ఛనిచ్చింది. నవలను మరో భాషలోకి తెచ్చేటప్పుడు ఒక అధ్యాయాన్ని తొలగిస్తే విమర్శకులు నిలదీస్తారు. బొమ్మల కథలోంచి ఒక దేశాన్నే తొలగించినా అడిగే నాథుడు ఉండడు. ఐరోపా ఖండపు బొమ్మల కథలు ఆంగ్లంలో పొందిన రూపాంతరాలను పరిశీలిస్తే ఈ మాటలో అతిశయోక్తి లేదని తేలుతుంది.

అనువాదకుని స్వేచ్ఛ పట్ల నాకు ఆక్షేపణ లేదు. గోసినీ, ఉదెర్జో 1959లో ఫ్రెంచి పత్రిక ‘పిలోత్’లో ప్రారంభించిన ఆస్టెరిక్స్ కథల్లో కుక్కపిల్ల పేరు ఇదేఫిక్స్. మనసులో పాతుకుపోయిన ఆలోచన అనే అర్థం అందులో ధ్వనిస్తుంది. ఆంథియా బెల్, డెరెక్ హాక్‌రిడ్జ్ ఆంగ్లంలో దానికి డాగ్‌మాటిక్స్ అని పేరు పెట్టారు. మొండి పట్టుదల అనే అర్థం నిలిచింది, కుక్కకు ఆంగ్లంలో ఉన్న పేరూ వచ్చి చేరింది. ఎర్జే సృష్టించిన టిన్‌టిన్ వెంట తిరిగే మీలూ ఆంగ్లంలో స్నోయీ కావడం, వంగ పత్రిక ‘ఆనందమేళా’లో నీరేంద్రనాథ్ చక్రవర్తి చేతిలో కుట్టుష్ కావడం కూడా సముచితమే. పేరు మారినా కథకు హాని కలగలేదు.

అయితే అదే ఆస్టెరిక్స్‌ను 1965లో ‘రేంజర్’ అనే బ్రిటిష్ పత్రిక ప్రచురించినప్పుడు గాల్ దేశపు గ్రామాన్ని ఏకంగా బ్రిటన్‌కు తరలించింది. ఫ్రెంచివారి పూర్వులు రోమన్లను ఎదిరించిన కథ ఆంగ్లేయుల పూర్వుల కథ అయిపోయింది. దీనిని అనువాదం అనలేము.

ఇంతకంటె గంభీరమైన ఉదాహరణ టిన్‌టిన్ కథల్లోని ‘నల్ల బంగారపు దేశం’. 1939లో మొదలైన ఈ కథ 1940 మే నెలలో జర్మన్ సేనలు బెల్జియంపై దాడి చేయడంతో ఆగిపోయింది. 1948లో తిరిగి మొదలై 1950లో గ్రంథరూపం పొందింది. ఆనాటి కథకు రంగస్థలం బ్రిటిష్ పాలనలోని పాలస్తీనా. అందులో హైఫా రేవు ఉంది, బ్రిటిష్ సైనికులున్నారు, టిన్‌టిన్‌ను తమవాడని పొరబడి ఎత్తుకుపోయే యూదు సాయుధ దళం ఉంది. ఆంగ్ల ముద్రణకు పూనుకున్న ప్రచురణకర్తలు ఇదంతా కాలం చెల్లిన వ్యవహారమన్నారు. 1971 నాటి రూపంలో పాలస్తీనా పోయింది, బ్రిటిష్ సైనికులు పోయారు, యూదు దళం పోయింది. ఖెమెద్ అనే కల్పిత రాజ్యం మిగిలింది. ఆంగ్ల పాఠకునికి అందినది ఈ రూపమే.

కాలం చెల్లినది కాబట్టి తొలగించామనడం చరిత్ర చదివినవారికి హాస్యాస్పదంగా తోస్తుంది. కాలం చెల్లినదాని గురించి చెప్పడమే కదా చరిత్ర చేసే పని! పాలస్తీనాను బ్రిటన్ పాలించిందన్న సంగతి మరుగున పడితే ఎవరికి మేలు?

‘కాంగోలో టిన్‌టిన్’ విషయం మరింత ఆలోచింపజేస్తుంది. 1931 నాటి పుస్తకంలో టిన్‌టిన్ ఆఫ్రికా బాలలకు పాఠం చెబుతూ బెల్జియమే వారి దేశమని బోధిస్తాడు. 1946 నాటి రంగుల ముద్రణలో ఆ పాఠం లెక్కల పాఠమైంది. 2005లో ఆంగ్లంలో వెలువడిన రంగుల ప్రతి, వలసకాలపు దృక్పథం గురించి పీఠికలో పాఠకుణ్ణి హెచ్చరించింది. ఆ హెచ్చరిక అభినందనీయమే. కాని ఆ దృక్పథానికి ప్రబల సాక్ష్యమైన పాఠం ఆ ప్రతిలో లేదు. 1991లో వచ్చిన నలుపు తెలుపు ప్రతిని వెదకి పట్టుకున్నవారికే అది కనిపిస్తుంది.

ఎర్జే స్వయంగా అంగీకరించి మార్చాడు కదా అని కొందరు వాదిస్తారు. నిజమే, తన రచనను సంస్కరించుకునే హక్కు రచయితకు ఉంది. ఏది మారిందో, ఎవరి కోరికపై మారిందో తెలుసుకునే హక్కు పాఠకునికీ ఉంది. ఒకటి రెండోదాన్ని రద్దు చేయదు. జాతులను కించపరిచే బొమ్మలను పసివారి చేతికి ఎలా ఇస్తామని మరికొందరు అడుగుతారు. ఆ జంకు సహజమే. దానికి మందు పీఠిక, ఉపాధ్యాయుని వివరణ. చడీచప్పుడు లేని చెరిపివేత వల్ల అవమానించినవారి తప్పే మాసిపోతుంది తప్ప అవమానం పొందినవారికి ఒరిగేదేమీ లేదు.

ఇది ఐరోపావారి ఇంటి గొడవ అని మనం ఊరకుండరాదు. ఈ కథలు మన గ్రంథాలయాలకు ప్రధానంగా ఆంగ్ల ప్రతులుగానే చేరాయి. 1930ల నాటి ‘నీలి కమలం’ 1983లో గాని ఆంగ్లంలోకి రాలేదు. అందులో షాంఘై నగరంలో సిక్కు పోలీసులు కనిపిస్తారు. ఆ చిత్రణ మనకు గౌరవప్రదమైనది కాదు. అయినా మన బాలుడు అది చూసి, పంజాబు మనిషి చైనాలో లాఠీ పట్టి ఎవరి కోసం నిలబడ్డాడని అడుగుతాడు. సామ్రాజ్యం ఎట్లా నడిచిందో తెలుసుకోవడానికి అంతకంటె మంచి ప్రశ్న లేదు. మర్యాద పేరిట ఆ బొమ్మను తీసివేస్తే ప్రశ్న కూడా పోతుంది.

కాబట్టి భారతీయ భాషల్లోకి ఇట్టి కథలను తెచ్చేవారు ముందుగా తమ చేతిలో ఉన్నది ఏ సంవత్సరపు ప్రతి అని విచారించాలి. ప్రతి పునర్ముద్రణలోనూ తొలి ప్రచురణ సంవత్సరం, అనుసరించిన పాఠం, చేసిన మార్పులు, వాటికి కారణం ఒక పుటలో తెలపాలి. ప్రభుత్వ ధనంతో పుస్తకాలు కొనే గ్రంథాలయాలు ఆ పుట ఉన్నదా లేదా అని చూడాలి. ప్రాచీన కావ్యాలకు పాఠభేదాలు చూపడం మన పండితులు ఎరిగిన ధర్మమే. పసివారి పుస్తకానికి ఆ మాత్రం నిజాయితీ అక్కరలేదా?