పరీక్ష ఇద్దరికీ, అదీ ఆదోనిలోనే

పెళ్లయి రెండు మూడేళ్లయినా కడుపు పండకపోతే ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల దంపతులు పట్టే దారి అందరికీ తెలిసిందే. మంత్రాలయంలో సేవ, ఉరుకుంద ఈరన్నకు మొక్కు, నాటుమందు, ఆనక బళ్లారిలోనో కర్నూలులోనో ప్రైవేటు డాక్టరు, చివరికి హైదరాబాదో బెంగళూరో. మొక్కులను తప్పుపట్టనక్కర్లేదు. ఈ దారిలో కరిగిపోయే ఏళ్ల గురించే నా బాధంతా. స్త్రీకి 35 దాటాక అండాల సంఖ్య, నాణ్యత త్వరత్వరగా తగ్గిపోతాయి. ఏడాది కాగానే చూపించుకుంటే మాత్రలతో తీరగల సమస్య కూడా ఆలస్యమైతే ఐవీఎఫ్ దాకా పోవచ్చు. కాబట్టి ఈ ప్రాంతానికి ముందుగా కావలసింది మరో ఐవీఎఫ్ సెంటరు కాదు. భార్యాభర్తలిద్దరికీ సర్కారు ఆసుపత్రిలో, సొంత ఊరికి దగ్గర్లో, సకాలంలో జరిగే పరీక్ష.

గర్భనిరోధకాలు లేకుండా 12 నెలలు కాపురం చేసినా గర్భం రాకపోతే దాన్ని సంతానలేమిగా పరిగణించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీన్ని ఎదుర్కొంటున్నారని 2023లో అదే సంస్థ లెక్క తేల్చింది. దాదాపు సగం జంటల్లో లోపం పూర్తిగానో కొంతమేరకో మగవాడిలో ఉంటుంది. అయినా గొడ్రాలన్న మాట పడేది ఆడమనిషి, రెండో పెళ్లి మాటలు నడిచేది మగవాడికి. వీర్య పరీక్షకు మైక్రోస్కోపు, శిక్షణ పొందిన టెక్నీషియను ఉంటే చాలు. అది ముందే చేయించకుండా భార్యను ఏళ్ల తరబడి స్కానింగులకు తిప్పడం వైద్యం అనిపించుకోదు. స్త్రీలలో థైరాయిడ్ లోపం, అండం విడుదల కాకపోవడం, అండవాహిక గొట్టాలు మూసుకుపోవడం ప్రధాన కారణాలు. మన దేశంలో గర్భాశయానికి, గొట్టాలకు సోకే క్షయనూ మరవకూడదు. అది దగ్గూ జ్వరం లేకుండానే లోలోపల గొట్టాలను పాడుచేయగలదు. క్షయకు ప్రభుత్వం ఎలాగూ ఉచితంగా మందులిస్తోంది, ఇక జరగాల్సింది దాన్ని వేళకు కనిపెట్టడమే.

ఈ సీమకు మరో చిక్కుంది, అది సుగ్గి, అంటే పనుల కోసం వలస. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు దారి పడతాయి, కొందరు బెంగళూరు కట్టడాల పనికి పోతారు. సంతాన చికిత్స నెలసరి లెక్క ప్రకారం నడుస్తుంది. ఫలానా రోజు మాత్ర మొదలుపెట్టాలి, ఫలానా రోజు స్కానుకు రావాలి. ఆదోని నుంచి కర్నూలు వంద కిలోమీటర్ల దూరం. స్కాను కోసం వెళ్లిన రోజల్లా ఇద్దరి కూలీ పోతుంది, బస్సు ఖర్చు మీద పడుతుంది. నాలుగు నెలలు సుగ్గికి పోతే చికిత్స తెగిపోతుంది, తిరిగొచ్చాక ఇంకో డాక్టరు అవే పరీక్షలు మళ్లీ రాస్తాడు. ఇక ఐవీఎఫ్ అంటే ఒక్కో విడతకు లక్షన్నర పైమాటే. చిన్న వయసులో కూడా విడతకు ఫలించేది మూడింట ఒక వంతు మాత్రమే.

జనాభా ఇంత ఉన్న దేశంలో పిల్లల కోసం సర్కారు సొమ్మెందుకని అడిగేవారున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలే. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో నిలబడరాదన్న నిబంధనను రాష్ట్రమే 2024లో ఎత్తేసింది. పిల్లలు కావాలంటున్న ప్రభుత్వం, కావాలనుకుని కనలేకపోతున్న వారిని పక్కన పెట్టడం న్యాయం కాదు. రక్తహీనత, బాలింత మరణాలు ముందు కదా అన్న అభ్యంతరం ఇంతకంటే బరువైనది, దాన్ని కొట్టిపారేయలేం. కానీ నేనడిగే పనికి వేరే భవనం అక్కర్లేదు. ఉన్న ల్యాబు, ఉన్న గైనకాలజిస్టు, వారంలో ఒక పూట చాలు. దత్తత గొప్పదే, అయితే అది దంపతులు ఇష్టపడి ఎంచుకోవలసిన దారి. వైద్యం అందని పేదవాళ్ల మీద రుద్దేది కాకూడదు.

దగ్గర్లో నమ్మకమైన సలహా లేనిచోట మోసగాళ్లు దిగుతారు. సరోగసీ పేరుతో ఒక జంట నుంచి సుమారు 35 లక్షలు గుంజి, వేరెవరికో పుట్టిన బిడ్డను చేతిలో పెట్టారని 2025లో సికింద్రాబాద్ సంతాన సాఫల్య కేంద్రం కేసులో పోలీసులు చెప్పారు. సంతాన సాఫల్య చికిత్సలపై 2021లో వచ్చిన కేంద్ర చట్టం క్లినిక్కుల రిజిస్ట్రేషన్ గురించి, దంపతుల వయోపరిమితి గురించి చెప్పింది గానీ, ధర జోలికి పోలేదు. గోవా ప్రభుత్వ వైద్య కళాశాల 2023లోనే ఉచిత ఐవీఎఫ్ మొదలుపెట్టింది, అదే ఏడాది హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలోనూ సంతాన సాఫల్య కేంద్రం తెరిచారు. కర్నూలు సర్వజన ఆసుపత్రికి ఆ స్థాయి సౌకర్యం కల్పించాలి. అంతకంటే ముందు ఆదోని, ఎమ్మిగనూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికొక రోజు దంపతుల ఓపీ పెట్టి, ఇద్దరి వివరాలూ ఒకే చీటీలో రాసి, ఆ చీటీ గుంటూరులోనూ చెల్లేలా చూడాలి. ఎమ్మెల్యేలు, జిల్లా వైద్యాధికారులు ఈ సుగ్గి మొదలయ్యేలోపే ఆ పని చేపట్టాలి.