ఫ్లైట్ వచ్చింది కదా అని ప్లాటు కొనేద్దామా?

కిందటి నెల మా బావమరిది గన్నవరం నుంచి ఫోన్ చేశాడు. "బావా, మనకి ఇంటర్నేషనల్ ఫ్లైట్లు వస్తున్నాయి. ఎయిర్‌పోర్టుకి పది నిమిషాల దూరంలో వెంచరు వేశారు. ఈ నెలలోనే అడ్వాన్సు కట్టెయ్యి" అన్నాడు. షార్జాలో పద్నాలుగేళ్లు దాచుకున్న డబ్బు అది. రేపు ఉద్యోగం అయిపోతే మాకు అదే ఆధారం. అందుకే ఫోన్ పెట్టేసి లెక్క చూడటం మొదలుపెట్టాను.

మొదటి ప్రశ్న: ఆ ఫ్లైట్ ఎవరి డబ్బుతో నడుస్తోంది? 2018 డిసెంబరులో విజయవాడ నుంచి సింగపూర్‌కి ఇండిగో సర్వీసు మొదలైంది. నష్టం వస్తే రాష్ట్ర ప్రభుత్వం భరించే ఒప్పందం మీద నడిచింది. 2019లో ఆ సాయం ఆగింది, ఫ్లైటూ ఆగింది. మళ్లీ మొదలైంది 2025 నవంబరులో. మధ్యలో ఆరేళ్లు! ఫ్లైట్‌ని నమ్ముకుని స్థలం కొన్నవాళ్లు ఆ ఆరేళ్లూ ఎదురుచూడాల్సిందే.

రెండో ప్రశ్న: డిమాండ్ నిజంగా లేదా? ఉంది, కానీ అది హైదరాబాద్ ఖాతాలో పడుతోంది. 2022 అక్టోబరు 31 నుంచి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ షార్జా–విజయవాడ సర్వీసు మొదలుపెట్టింది. అయినా మనలో చాలామంది శంషాబాద్‌లో దిగి, ఐదారు గంటలు కారులో పోతాం. అక్కడ రోజూ ఫ్లైట్లుంటాయి, మనకి కుదిరిన రోజు వెళ్లొచ్చు. సంక్రాంతికీ వేసవి సెలవులకీ నిండితే విమాన సంస్థకి చాలదు, ఏడాది పొడుగునా నిండాలి. పైగా దుబాయ్–ఇండియా మధ్య ఒక్కో వైపుకీ వారానికి సుమారు 66 వేల సీట్లే అన్న ఒప్పందం 2014 నాటిది. ఉన్న సీట్లని పెద్ద ఊళ్లకే వేసుకుంటారు.

మూడోది భూమి. ధర ఫ్లైట్ ఎగిరినప్పుడు కాదు, ప్రకటన వచ్చినప్పుడే ఎక్కుతుంది. ఇక్కడా అంతే. 2024 ఏప్రిల్‌లో అల్ మక్తూమ్ విమానాశ్రయానికి 12,800 కోట్ల దిర్హామ్‌ల విస్తరణ ప్రకటించగానే దుబాయ్ సౌత్‌లో ఫ్లాట్లకి గిరాకీ పెరిగింది. శంషాబాద్ వైపు కూడా ధరని నిలబెట్టింది రన్‌వే ఒక్కటే కాదు, ఔటర్ రింగ్ రోడ్డు, గచ్చిబౌలి ఉద్యోగాలు. భోగాపురం చుట్టూ కొనేవాళ్లూ ఇదే చూసుకోవాలి: అక్కడ ఉద్యోగాలు ఏమొస్తున్నాయి?

కొనేముందు మూడు చూడండి. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ ఎన్నారైలు కొనడానికి ఫెమా నిబంధనలు ఒప్పుకోవు. వెంచరుకి రెరా నంబరు ఉండాలి. రన్‌వే దగ్గర ఎన్ని అంతస్తులు కట్టొచ్చో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరిమితి పెడుతుంది. పది నిమిషాల దూరం అన్నది గొప్ప కాకపోవచ్చు, ఇబ్బంది కూడా కావచ్చు.

బావమరిదికి ఒకటే చెప్పాను: రెరా నంబరు, ల్యాండ్ కన్వర్షన్ కాగితం పంపమను, ఆ రోజే మాట్లాడదాం అని. మూడు వారాలైంది. ఇంకా బ్రోచరే పంపుతున్నారు.