సగం సీట్లు మనకు, పెత్తనం ఎవరికి?

హైదరాబాద్‌కు 1962లోనే రాణి కుముదినీదేవి మేయరయ్యారు. 2020 డిసెంబర్ ఎన్నికల్లో గ్రేటర్‌లోని 150 డివిజన్లలో సగం స్త్రీలకు కేటాయించారు. 2021 ఫిబ్రవరిలో మేయరూ డిప్యూటీ మేయరూ ఇద్దరూ స్త్రీలే. ఈ లెక్కలు చెప్పి మన సభల్లో చప్పట్లు కొడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. సీట్లు వద్దని కాదు. వాటి కోసం మనం చేసిన పోరాటం చిన్నదేమీ కాదు. అయితే ఆ సీట్లో కూర్చున్న మనిషి చేతిలో ఏముందో అడగకుండా తలకాయలు లెక్కపెట్టుకోవటం ఇంకెన్నాళ్లు?

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో మనందరికీ కంఠతా వచ్చింది 243-టి అధికరణం. మూడో వంతుకు తగ్గకుండా సీట్లు స్త్రీలకు రిజర్వు చేసి తీరాలని గట్టిగానే చెప్పింది. రాష్ట్రాలు తర్వాత దాన్ని సగానికి పెంచాయి. మంచిదే. ఇంకొంచెం కిందికి వచ్చి 243-డబ్ల్యు చదవండి. అధికారాల దగ్గరికి వచ్చేసరికి రాజ్యాంగం గొంతు మెత్తబడిపోతుంది. రాష్ట్ర శాసనసభ మునిసిపాలిటీలకు అధికారాలు ఇవ్వవచ్చు అంటుంది. ఇవ్వవచ్చు! పన్నెండో షెడ్యూలులో 18 విషయాలున్నాయి. నగర ప్రణాళిక, భూ వినియోగం, నీళ్లు, పారిశుధ్యం, మురికివాడల బాగోగులు, వీధి దీపాలు, బస్టాపులు, మరుగుదొడ్లు, ఆఖరికి శ్మశానాలు, బందెలదొడ్లు కూడా. తెల్లారిన దగ్గర్నుంచి ఆడదాని రోజు మొత్తం ఆ జాబితాలోనే నడుస్తుంది. మనకు సీటు హక్కుగా వచ్చింది, సీటుతో చేయాల్సిన పనిని మాత్రం ప్రభుత్వ దయాదాక్షిణ్యాలకు వదిలేశారు.

హైదరాబాద్‌లో ఆ దయ ఎంత పారిందో చూద్దాం. నీళ్లూ డ్రైనేజీ 1989 చట్టంతో జలమండలికి పోయాయి. దాని అధ్యక్షుడు ముఖ్యమంత్రి. ప్రణాళిక 1975 నుంచి హుడా చేతిలో, 2008 నుంచి హెచ్.ఎం.డి.ఎ. చేతిలో. అక్కడా ముఖ్యమంత్రే. 2005 డిసెంబర్‌లో కేంద్రం నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం తెచ్చినప్పుడు పెట్టిన సంస్కరణల షరతుల్లో నీళ్లు, ప్రణాళిక వంటివి ఎన్నికైన సంస్థలకు అప్పగించాలన్నదీ ఉంది, వాడకం చార్జీలతో ఖర్చులు రాబట్టాలన్నదీ ఉంది, పట్టణ భూపరిమితి చట్టం రద్దు చేయాలన్నదీ ఉంది. మన ప్రభుత్వం భూపరిమితి చట్టాన్ని 2008లో వదిలించుకుంది. అదే ఏడాది అధికారాలు కిందికి దించకపోగా హెచ్.ఎం.డి.ఎ.ను పెద్దది చేసి కూర్చోబెట్టింది. సంస్కరణల్లో ఏది ఎవరికి కావాలో అదే జరిగింది.

కుళాయి రాకపోతే బిందెలు పట్టుకుని ఆడవాళ్లు వచ్చేది జలమండలి అధ్యక్షుడి ఇంటికి కాదు, డివిజన్‌లో ఉన్న కార్పొరేటర్ ఇంటికి. తిట్లు తినేది ఆమె. ఆమె చేయగలిగింది ఒక ఫోన్. అవతలి ఇంజనీరు ఉద్యోగం, బదిలీ, బడ్జెట్ ఏదీ ఆమె సభ చేతిలో లేదు. నేను పాల్గొన్న ఒక శిక్షణా శిబిరంలో అర్జీ రాయటం గురించి పాఠం జరుగుతుంటే ఒక కార్పొరేటరమ్మ లేచి, అర్జీలు ఇచ్చేది జనం కదా, గెలిచి వచ్చిన తర్వాత నేనూ అర్జీయే ఇవ్వాలా అని అడిగింది. పాఠం చెప్పేవాళ్ల దగ్గర జవాబు లేదు, భోజన విరామం ప్రకటించారు.

ఈ శిబిరాల్లో ఎప్పుడూ వినిపించే ఇంకో పాట 'కార్పొరేటర్ భర్త' గురించి. భార్య సీట్లో మొగుడు పెత్తనం చేస్తాడని. చేస్తాడు, నిజమే, దాన్ని ఎదిరించాల్సిందే. కానీ భర్తను కుర్చీలోంచి లేపేశాక కూడా ఆ కుర్చీకి అధికారం రాదు. ఎందుకంటే అంతకన్నా పెద్ద పెనిమిటి సచివాలయంలో కూర్చున్నాడు. చిన్న మొగుడి మీద ఎన్ని జోకులైనా వేస్తాం, ఈ పెద్ద మొగుడి దగ్గర మాత్రం నిధుల కోసం నోరు మూసుకుంటాం.

అసలు సభే లేని రోజులు ఎన్ని! రాజ్యాంగం ప్రకారం కాలపరిమితి ముగియకముందే ఎన్నికలు జరగాలి. 2006లో అహ్మదాబాద్ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. హైదరాబాద్‌లో 1986 తర్వాత మళ్లీ ఎన్నికలు 2002లో. 2007 నుంచి 2009 దాకా ఒకసారి, 2014 నుంచి 2016 దాకా ఇంకోసారి స్పెషల్ ఆఫీసర్ల పాలనే. విశాఖలో 2012 నుంచి 2021 దాకా తొమ్మిదేళ్లు. సభ లేకపోతే సగం సీట్లంటే దేనిలో సగం?

2024 సెప్టెంబర్‌లో మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్.బి. ఎక్స్ అని గుర్తులు వేశారు. శంకర్ నగర్, మూసా నగర్ లాంటి బస్తీల్లో కుటుంబాలను ఖాళీ చేయించి ఇళ్లు కూల్చారు. ఈ నది పనులు చూసేది మూసీ రివర్‌ఫ్రంట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంపెనీ. కంపెనీకి డివిజన్లు ఉండవు, ఓటర్లు ఉండరు, అందులో మహిళా రిజర్వేషన్ అడగటానికి సీట్లే ఉండవు. నాలుగిళ్లలో అంట్లు తోమి బతికే మనిషికి ఇల్లు మారటమంటే పని పోవటమే, పిల్లల బడి పోవటమే, అప్పిచ్చే పొరుగు పోవటమే. కొత్త ఫ్లాట్ తాళం చేతిలో పెడితే ఇవి తిరిగి రావు. ఈ లెక్క తెలిసిన మనుషులు నిర్ణయం జరిగే చోట లేరు.

నీళ్లు సాంకేతిక విషయం, రాజకీయాలు చొరబడకూడదు అంటారు పెద్దమనుషులు. ముంబయిలో, కలకత్తాలో, అంతెందుకు మన విశాఖలో నీళ్లిచ్చేది కార్పొరేషనే. అక్కడ పైపులు రాజకీయాలతో పగిలిపోలేదు. ముఖ్యమంత్రి అధ్యక్షుడైతే రాజకీయం కాదట, బస్తీ ఆడది సభ్యురాలైతే రాజకీయమట!

వార్డు కమిటీలున్నాయి కదా అనేవాళ్లూ ఉన్నారు. 2019 తెలంగాణ మునిసిపల్ చట్టం వార్డుకు నాలుగు కమిటీలు పెట్టింది, ఒకటి పూర్తిగా మహిళలది. సభ్యుల్ని నామినేట్ చేస్తారు, బస్తీ ఎన్నుకోదు. చెట్లు నాటించటానికి, చెత్త వేరుచేయించటానికి మన శ్రమ కావాలి. టెండరు కాగితం చూపించమంటే అది మీ పరిధి కాదంటారు.

కాబట్టి మునిసిపల్ ఎన్నికలప్పుడు కార్పొరేటర్ అభ్యర్థుల చేత హామీపత్రాల మీద సంతకాలు పెట్టించటం ఆపుదాం. పాపం వాళ్ల దగ్గర ఇవ్వటానికేమీ లేదు. 'ఇవ్వవచ్చు'ను 'ఇచ్చాం' చేయగలిగింది శాసనసభ. కాగితం పట్టుకుని వెళ్లాల్సింది ఎమ్మెల్యేల దగ్గరికి. జలమండలి కార్పొరేషన్ సభకు ఎప్పుడు లోబడుతుంది, వార్డు కమిటీని బస్తీ ఎప్పుడు ఎన్నుకుంటుంది, మూసీ కంపెనీ లెక్కలు ఏ సభ ముందు పెడతారు? తేదీ వేసి, సంతకం పెట్టి ఇమ్మందాం.